పాత ఇల్లు విప్పేటప్పుడు రంపం బ్లేడు: చెక్కను కాదు, లోపలి మేకును చూసి ఎంచుకోవాలి

చెన్నైలో జార్జ్‌టౌన్, మైలాపూర్, ట్రిప్లికేన్ వైపు పాత ఇల్లు విప్పే పనికి దిగిన వడ్రంగికి మొదటి రోజే తగిలే దెబ్బ బ్లేడు మీద తగులుతుంది. కరెంటుతో తిరిగే గుండ్రటి రంపానికి పొద్దున కొత్తగా బిగించిన 40 పళ్ళ బ్లేడు మధ్యాహ్నానికి పొగ లేపుతుంది, సాయంత్రానికి నాలుగైదు పళ్ళు ఉండవు. షాపువాడు నకిలీ సరుకు అంటగట్టాడని అనుకుంటాం. చాలాసార్లు సరుకు మంచిదే. ఫర్నిచర్ పని కోసం తయారైన బ్లేడును మేకులూ సున్నమూ ఇటుక పొడీ నిండిన చెక్క మీద పెట్టాం, అంతే.

ఈ ఇళ్ళ మద్రాసు టెర్రస్ కప్పు కట్టిన తీరు చూస్తే బ్లేడు పడే కష్టం అర్థమవుతుంది. గోడ నుంచి గోడకు టేకు దూలాలు వేసేవారు. వాటి మీద సన్నటి ఇటుకలను అంచు మీద నిలబెట్టి, దూలాలకు ఐమూలగా సున్నంలో పేర్చేవారు. ఆ పైన ఇటుక ముక్కలూ సున్నమూ కలిపి దిమ్మిసతో కొట్టిన మూడు నాలుగు అంగుళాల పొర, అన్నిటికీ పైన చదును పెంకులు. ఇదంతా తవ్వి తీశాక దూలం పై ముఖాన సున్నం, ఇసుక గట్టిగా అంటుకుని మిగులుతాయి. ఇసుకంటే సిలికా. టేకులోనే సహజంగా కొంత సిలికా ఉంటుంది కనుక శుభ్రమైన టేకు కూడా బ్లేడును త్వరగా మొద్దుబారుస్తుంది. దానికి తోడు ఫ్యాను కొక్కేలకూ, వైరింగ్ పట్టీలకూ, ఫాల్స్ సీలింగ్‌కూ ఏళ్ళ తరబడి కొడుతూ వచ్చిన మేకులు. సముద్రపు గాలికి మేకు తల తుప్పుపట్టి రాలిపోతుంది, మొండెం చెక్కలోనే ఉండిపోతుంది. పైకి కనిపించేది చిన్న నల్లమచ్చ.

కాబట్టి బ్లేడు కొనేటప్పుడు వేసుకోవాల్సిన ప్రశ్న ‘ఏ చెక్క కోస్తున్నాను?’ అన్నది కాదు. ఆ కోత దారిలో రంపానికి అడ్డుపడగల అతి గట్టి వస్తువు ఏది అన్నది. మిగతా లెక్కలన్నీ దాని నుంచే వస్తాయి.

పన్ను ఎందుకు రాలుతుంది

ఇప్పుడు దొరికే బ్లేడుల్లో ఎక్కువ భాగం టీసీటీ రకం. ఉక్కు పళ్ళెం అంచున టంగ్‌స్టన్ కార్బైడ్ ముక్కలను వెండి కలిసిన లోహంతో అతికిస్తారు. కార్బైడ్ చాలా గట్టిది, కానీ పెళుసు. నొక్కితే భరిస్తుంది, వంచితే విరుగుతుంది. ఆ కార్బైడ్‌లో సన్నటి రేణువులను పట్టి ఉంచేది కోబాల్ట్. కోబాల్ట్ తక్కువగా, రేణువు సన్నగా ఉంటే అంచు చాలాకాలం పదునుగా నిలుస్తుంది, ఫర్నిచర్ బ్లేడులో అలాంటిదే వాడతారు. కోబాల్ట్ ఎక్కువైతే అంచు కాస్త తొందరగా అరుగుతుంది కానీ దెబ్బకు తట్టుకుంటుంది. కూల్చివేత పనికి కావాల్సింది ఈ రెండోది. సమస్యేమిటంటే చూసి ఏది ఏదో చెప్పలేం. ప్యాకెట్ మీద ఉన్న మాటనో, మేకు దిగిన చెక్క బొమ్మనో చూసి నమ్మాలి. బాష్‌లో ‘కన్‌స్ట్రక్ట్ వుడ్’ అని వచ్చేది ఇలాంటి మేకులున్న కట్టడపు చెక్కకు ఉద్దేశించినదే. బొమ్మా మాటా ఏదీ లేకపోతే అది మామూలు చెక్క బ్లేడు అనుకోవాలి.

కంటితో చూసి తేల్చుకోగలిగింది పంటి ఆకారం. బ్లేడు నడిమధ్య నుంచి పంటి మొన దాకా ఒక గీత ఊహించుకోండి. పంటి ముఖం ఆ గీత కంటే ముందుకు ఎంత వాలి ఉందో అదే హుక్ కోణం. చెక్కను పొడుగునా చీల్చే బ్లేడుల్లో ఇది 20 డిగ్రీల దాకా ఉంటుంది. పంటి వెనక చెక్కకు రాసుకోకుండా వదిలే వాలు 15 డిగ్రీలు అనుకుందాం. 90 నుంచి ఈ రెండూ తీసేస్తే మొనలో మిగిలేది 55 డిగ్రీల కార్బైడ్. అదే హుక్ మైనస్ 5 ఉంటే, అంటే పంటి ముఖం 5 డిగ్రీలు వెనక్కి వాలితే, మిగిలేది 80 డిగ్రీలు. మొదటిది చాకు మొన, రెండోది ఉలి మొన లాంటివి. ఇంకో తేడా కూడా ఉంది. ముందుకు వాలు ఎక్కువగా ఉన్న పంటికి మేకు తగిలినప్పుడు ఆ దెబ్బ మొనను వంచుతుంది. వాలు తక్కువున్నా, వెనక్కి ఉన్నా దెబ్బ కార్బైడ్ ముక్కను దాని వెనకున్న ఉక్కు భుజంలోకి నొక్కుతుంది. నొక్కుడును కార్బైడ్ భరిస్తుందని పైన అనుకున్నాం కదా, మేకుల బ్లేడులన్నిటికీ ఆధారం ఆ ఒక్క గుణమే.

దీనికి ధర చెల్లించాలి. వాలు తగ్గేకొద్దీ బ్లేడు తనంత తాను చెక్కలోకి లాక్కోదు. చేత్తో ఎక్కువ తొయ్యాలి, మోటారు ఎక్కువ మోయాలి. 1,000 వాట్ల లోపు మిషన్‌కు మైనస్ హుక్ బ్లేడు వేసి తడి దూలం కోస్తే మోటారు వేడెక్కి ఆగుతుంది. అలాంటి మిషన్ ఉంటే 5 నుంచి 10 డిగ్రీల హుక్ ఉన్న బ్లేడుతో సరిపెట్టుకోవడం మేలు.

పంటి కొస కూడా చూడాలి. ఒకటి ఎడమకు, ఒకటి కుడికి ఏటవాలుగా చెక్కిన పళ్ళను ఏటీబీ అంటారు. అడ్డకోతకు నున్నగా పనిచేస్తాయి. కానీ ప్రతి పంటికీ ఒక మూల సూదిలా ఉంటుంది, మేకు తగలగానే ముందు ఎగిరేది ఆ మూలే. కొస చదునుగా ఉండి మూలలు కొద్దిగా కొట్టేసిన పన్ను, లేదా చదునుదీ మూలలు చెక్కినదీ ఒకటి విడిచి ఒకటి వచ్చే టీసీజీ రకం మేకుల పనికి నిలుస్తాయి. కోత అంచు గరుకుగా వస్తుంది. విప్పుతున్న ఇంట్లో దాని గురించి ఎవరూ అడగరు.

24 పళ్ళే ఎందుకు

185 మి.మీ. బ్లేడు అంటే మన వాళ్ళు ఏడంగుళాలదని పిలిచేది. దాని చుట్టుకొలత దాదాపు 581 మి.మీ. 24 పళ్ళుంటే పంటికీ పంటికీ మధ్య 24 మి.మీ., 40 ఉంటే 14.5 మి.మీ., 12 ఉంటే 48 మి.మీ.

ఇప్పుడు 4 మి.మీ. లావు మేకు ఒకటి అడ్డం వచ్చింది. మిషన్ 5,500 ఆర్‌పీఎమ్‌తో, అంటే నిమిషానికి 5,500 చుట్లు తిరుగుతోంది, మీరు నిమిషానికి 2 మీటర్ల చొప్పున తోస్తున్నారు. మేకును దాటడానికి 0.12 సెకను పడుతుంది. ఆ లోపల బ్లేడు 11 చుట్లు తిరుగుతుంది. అంటే పళ్ళు ఎన్ని ఉన్నా ప్రతి పన్నూ ఆ మేకును 11 సార్లు కొడుతుంది. తేడా వచ్చేది ఒక్కో దెబ్బకు తీసే మందంలో. 24 పళ్ళకు 0.015 మి.మీ., 40 పళ్ళకు 0.009 మి.మీ. అంత పల్చగా తీయబోతే పన్ను ఇనుమును కోయదు, దాని మీద రుద్దుకుంటుంది. రుద్దుకుంటే వేడి పుడుతుంది, వేడికి అంచు పోతుంది, అంచు పోయాక ఇంకా రుద్దుకుంటుంది. పొగకు మూలం ఇదే. పైగా 40 పళ్ళ బ్లేడులో పంటి సందులు చిన్నవి. తడి పొట్టూ సున్నమూ కలిసి అందులో పేస్టులా కూరుకుపోతాయి.

పళ్ళు మరీ తగ్గించి 12కు దిగితే ఒక్కో దెబ్బ 0.03 మి.మీ. అవుతుంది. మేకుల్లేని సెంట్రింగ్ పలకలను చీల్చడానికి ఇది హాయిగా ఉంటుంది. మేకు వచ్చినప్పుడు మాత్రం దెబ్బ మరీ గట్టిగా తగులుతుంది, చెయ్యి అదురుతుంది. 18 నుంచి 24 మధ్య ఆగడానికి కారణం ఈ రెండు చివరలే.

ఇదే లెక్క తోసే వేగానికీ పనికొస్తుంది. చప్పుడు మారి ‘ర్ర్’ మన్న మరుక్షణం కొద్దిగా తగ్గించాలి, ఆపకూడదు. ఆపితే పన్ను రుద్దుకుంటుంది. కోపంతో బలంగా తోస్తే మొన పగులుతుంది. మిషన్‌ను పక్కకు తిప్పి మేకును తప్పించబోతే బ్లేడు గాడిలో ఇరుక్కుంటుంది. ఇక కోత దారి మేకు పొడుగునా పడితే ఏ బ్లేడూ నిలవదు. అడ్డం వచ్చిన మేకు 4 మి.మీ.లో అయిపోతుంది, పొడుగునా పడినది 60, 70 మి.మీ. ఇనుము. అలా అనిపిస్తే బయటికి తీసి, ఒక అంగుళం పక్కన కొత్త గాడి మొదలుపెట్టాలి.

నల్లటి డ్రైవాల్ స్క్రూలు మేకుల కింద లెక్క కాదు. అవి గట్టిపరచిన ఉక్కు. ఫాల్స్ సీలింగ్ విప్పిన గదుల్లో దూలాలకు ఇవే ఎక్కువగా మిగులుతాయి. వాటిని స్క్రూ డ్రైవర్‌తో తీసి తీరాలి.

పళ్ళెం, కన్నం, ఆర్‌పీఎమ్

పల్చటి బ్లేడులు 1.6 నుంచి 1.8 మి.మీ. గాడి తీస్తాయి. బ్యాటరీ మిషన్‌కు తేలిక. మేకుల పనికి గాడి 2.4 మి.మీ. దగ్గర ఉన్న మందపాటి పళ్ళెం మంచిది, దెబ్బ తగిలినప్పుడు అటూ ఇటూ వణకదు. గాడి మూసుకుపోకుండా బ్లేడు వెనక ఉండే చీలిక కత్తి మిషన్‌కు ఉంటే ఒక సంగతి గుర్తుంచుకోవాలి. దాని మందం గాడి కంటే తక్కువ, పళ్ళెం కంటే ఎక్కువ ఉండాలి. మందపాటి కత్తి ఉన్న మిషన్‌కు పల్చటి బ్లేడు వేస్తే కత్తి గాడిలో దిగదు, కుర్రవాళ్ళు ఆ కత్తినే విప్పి పారేస్తారు.

నడిమి కన్నం మిషన్ ఇరుసుకు సరిగ్గా కూర్చోవాలి. 20, 25.4, 30 మి.మీ. కన్నాలు బజారులో కలగలిసి ఉంటాయి. పెద్ద కన్నం బ్లేడును చిన్న ఇరుసుకు వేసేటప్పుడు మధ్యలో పెట్టే రింగు పళ్ళెం కంటే మందం ఉంటే, బ్లేడును బిగించి పట్టే బిళ్ళ (ఫ్లాంజి) గట్టిగా పట్టదు. రింగు లేకుండా ‘నట్టు బిగిస్తే చాలు’ అనుకుంటే బ్లేడు ఓ పక్కకు తిరుగుతుంది, ఆ పక్కనున్న పళ్ళే మేకు దెబ్బలన్నీ తింటాయి. బ్రాడ్‌వే వైపు హార్డ్‌వేర్ షాపుకు వెళ్ళేటప్పుడు పాత బ్లేడునే చేతిలో పట్టుకెళ్తే ఈ తంటా ఉండదు.

అన్నిటికన్నా ప్రాణం మీదికి వచ్చేది ఆర్‌పీఎమ్. బ్లేడు మీద అచ్చేసిన గరిష్ఠ వేగం మిషన్ వేగం కంటే ఎక్కువ ఉండాలి, ఇందులో సర్దుబాటు లేదు. 185 మి.మీ. బ్లేడు 5,500 దగ్గర తిరిగితే అంచు సెకనుకు 53 మీటర్లు పోతుంది, గంటకు 190 కిలోమీటర్ల పైమాట. నాలుగంగుళాల మార్బుల్ కట్టర్ 13,000 దగ్గర తిరిగితే దాని 110 మి.మీ. బ్లేడు అంచు సెకనుకు 75 మీటర్లు. చిన్న మిషన్ కదా అనుకునేదే ఎక్కువ వేగంతో కొడుతోంది. దానికి వేగం సరిపడే చెక్క బ్లేడు వేసినా మేకుల మీద పెట్టొద్దు. లోతు కూడా 30 మి.మీ. చిల్లర దాటదు, దూలానికి పనికిరాదు.

గ్రైండర్‌కు పళ్ళున్న చెక్క బ్లేడు బిగించడం మాత్రం ఎవరు చేస్తున్నా చేతిలోంచి లాక్కోవాల్సిన పని. గ్రైండర్‌కు చెక్క మీద ఆనే పాదం ఉండదు, గార్డు సగమే ఉంటుంది, లోతును అదుపు చేసే మార్గం లేదు. పన్ను ఇరుక్కుందా, మిషన్ మొత్తం తొడ మీదికో మెడ మీదికో ఎగురుతుంది.

ఇంకో ప్రమాదం 14 అంగుళాల చాప్ సాతో. రాపిడి చక్రంతో ఇనుము కోసే మిషన్ 3,800 ఆర్‌పీఎమ్ దగ్గర తిరుగుతుంది. ఇనుము కోసే పళ్ళ బ్లేడు అదే 355 మి.మీ. సైజులో వస్తుంది, కానీ అది 1,300 దగ్గర తిరిగే డ్రై కట్ మిషన్‌కు తయారైంది. రెండూ ఒకే ఇరుసుకు పడతాయి. పడినంత మాత్రాన వేస్తే దాని అంచు సెకనుకు 24 మీటర్లకు బదులు 70 మీటర్లు పోతుంది.

సెకనుకు 24 మీటర్లనే ఆ అంకె మేకుల విషయంలోనూ చెప్పేది ఉంది. కార్బైడ్‌తో ఇనుము కోయడానికే చేసిన మిషన్ సెకనుకు 24 మీటర్లతో నడుస్తుంటే, మన చెక్క రంపం మేకును 53 మీటర్లతో కొడుతోంది. అంటే మేకుల బ్లేడు మేకును ఓర్చుకుంటుందే తప్ప మేకుల్ని కోయడానికి చేసింది కాదు. దారిలో అనుకోకుండా వచ్చిన వాటికే దాన్ని నమ్ముకోవాలి. కిటికీ ఊచలు, సలాకలు, ద్వారబంధాన్ని గోడకు పట్టి ఉంచే ఇనుప పట్టీలు (హోల్డ్‌ఫాస్ట్‌లు) గ్రైండర్ మీద రాపిడి డిస్క్‌తో కోయాలి. రేకు కోయడానికి బ్లేడును తిరగేసి బిగించే అలవాటు ఒకటి ఉంది. తిరగేస్తే కార్బైడ్ ముక్క వెనక ఉక్కు భుజం ఆసరా ఉండదు, దెబ్బంతా అతుకు మీదే పడుతుంది. ముక్క ఊడి ఎటు పోతుందో ఎవరూ చెప్పలేరు.

గోడా, గచ్చూ, సిమెంటూ వస్తే పళ్ళ బ్లేడు సంగతి మర్చిపోవాలి, అక్కడ వజ్రపు బ్లేడు. దీని సూత్రం తలకిందులుగా ఉంటుంది: గట్టి రాయికి మెత్తటి బంధం (వజ్రాలను పట్టి ఉంచే లోహం), మెత్తగా ఉండి ఒరుసుకునే ఇటుకకూ సున్నానికీ గట్టి బంధం. గ్రానైట్ బ్లేడుతో ఇటుక గోడ కోస్తే వజ్రాలు తొందరగా రాలిపోతాయి. ఇటుక బ్లేడుతో గ్రానైట్ కోస్తే వజ్రాల మీద లోహం కప్పుకుపోయి, నిప్పురవ్వలే తప్ప కోత ఉండదు. అలా మెరుపెక్కిన బ్లేడును ఒక ఇటుకలో నాలుగైదు గాట్లు పెడితే మళ్ళీ తెరుచుకుంటుంది. అంచున సందులున్నవి ఇటుకకూ సిమెంటుకూ, అంచు వలయంలా అతుకు లేకుండా ఉన్నవి టైల్స్‌కు నీళ్ళతో. నీళ్ళు పోస్తూ కోసేటప్పుడు కరెంటు లీకైతే లైను కట్ చేసే 30 మిల్లీ ఆంపియర్ల ఈఎల్‌సీబీ లేని లైను నుంచి కరెంటు తీసుకోవద్దు. పొడిగా కోస్తే లేచే సిలికా ధూళి ఊపిరితిత్తుల్లోకి పోతే తిరిగి రాదు, మూతికి కట్టిన తువ్వాలు దాన్ని ఆపదు, ఎన్95 మాస్కు కావాలి. పాత సిమెంటు రేకులను ఏ బ్లేడుతోనూ కోయకండి. వాటిలో ఆస్‌బెస్టాస్ ఉంటుంది. రేకును పట్టి ఉంచే జె-బోల్టులు తడిపి విప్పి, రేకును పగలగొట్టకుండా దించాలి.

కోతకు ముందూ తర్వాతా

మేకును వెతకడానికి పాత స్పీకరు అయస్కాంతం చాలు. కోత గీత వెంట రెండు వైపులా అంగుళం దూరం దాకా లాగితే మేకు ఉన్నచోట అతుక్కుంటుంది. తల ఉన్నదాన్ని ఇనుప కడ్డీతో పీకాలి. తల రాలినదాన్ని పంచ్‌తో అవతలికి దిగగొట్టాలి, లేదా గీతనే జరపాలి. సున్నం పట్టిన ముఖాన్ని ఉలితో గీకి, వైర్ బ్రష్ కొట్టాలి. చేతి మిషన్‌లో పళ్ళు కింది నుంచి పైకి కోస్తాయి. కాబట్టి గీకినా ఇంకా మట్టి మిగిలిన ముఖం ఉంటే దాన్ని పైకి పెట్టుకోవాలి. అప్పుడు ఇసుక గాడిలోకి లాగబడకుండా బయటికి పోతుంది. కళ్ళద్దాలు తప్పనిసరి.

బ్లేడు లోతు చెక్క కింద 5, 6 మి.మీ. మాత్రమే దిగేలా పెట్టాలి. 185 మి.మీ. బ్లేడు నిటారుగా 65 మి.మీ. దాకా కోస్తుంది, నాలుగంగుళాల దూలాన్ని రెండు వైపుల నుంచి కోయాలి. రెండు గోడల మీద ఆని ఉన్న దూలాన్ని పై నుంచి కోసుకుంటూ పోతే బరువుకు పైన గాడి మూసుకుని బ్లేడును పట్టేస్తుంది, మిషన్ వెనక్కి తంతుంది. కింద జాకీలు నిలబెట్టి, పై నుంచి మూడో వంతు మాత్రమే కోసి, మిగతాది కింది వైపు నుంచి ముగించాలి. ఆ పనికి చెయ్యి పైకెత్తి వృత్తాకార రంపం పట్టుకోవడం కంటే ముందుకూ వెనక్కూ ఆడే రెసిప్రోకేటింగ్ సా మంచిది. అంగుళానికి 6 పళ్ళున్న బైమెటల్ బ్లేడు మేకును కూడా నెమ్మదిగా దాటేస్తుంది. ద్వారబంధానికీ గోడకూ మధ్య సందులో కూడా అది దూరుతుంది. కింది గార్డును తీగతో కట్టేసి పనిచేసే చోట అసలు మిషన్ ఆన్ చేయనివ్వకండి.

నిజానికి బర్మా టేకు దూలాన్ని కోయకుండా ఉండటమే లాభం. పాత టేకుకు పొడుగు కొద్దీ ధర. గోడలో దిగిన చివరలను చుట్టూ ఇటుక తొలిచి మొత్తంగా బయటికి లాగితే, తేమకు పుచ్చిన చివరి అడుగు మాత్రమే కింద నేల మీద పెట్టి, నింపాదిగా కోసి తీసేయొచ్చు.

ప్రతి మేకు దెబ్బ తర్వాత ప్లగ్గు పీకి, బ్లేడును చేత్తో ఒక చుట్టు తిప్పి చూడాలి. ఒక పన్ను రాలితే దాని వెనక పన్ను రెండు పళ్ళ పని చేస్తుంది, తర్వాత రాలేది అదే. ఒకటి రెండు పోతే సానపట్టే చోట కొత్త ముక్కలు అతికించి ఇస్తారు. పంటి సందు అడుగున వెంట్రుకంత పగులు కనిపిస్తే అతుకు పని లేదు, పగులు నడిమికి పాకుతుంది, ఆ బ్లేడు అయిపోయినట్టే. నీలం మచ్చలు పడినా అంతే, వేడికి పళ్ళెం బిగువు పోయి కోతలో ఊగుతుంది. జిగురూ సున్నమూ పట్టిన బ్లేడును కిరోసిన్‌లో నానబెట్టి ఇత్తడి బ్రష్‌తో తుడవాలి. కాస్టిక్ సోడా వేయొద్దు, ఘాటు మందులు కోబాల్ట్‌ను తినేస్తాయి.

సైట్‌కు రెండు బ్లేడులు పట్టుకెళ్ళండి: మేకుల పనికి 24 పళ్ళది, వెతికి శుభ్రం చేసిన చెక్కకు ఇంకోటి. పెయింట్ మార్కర్‌తో మొదటి దాని మీద ఎర్ర చుక్క పెట్టుకోండి. దాన్ని శుభ్రమైన చెక్కకు వాడినా నష్టం లేదు. చుక్క లేనిది మేకుల మీదికి పోకుండా చూసుకోవాలి. మధ్యాహ్నం కుర్రవాడు మార్చేటప్పుడు చూసేది ఆ చుక్కనే.